తుపానులో పోని మనిషి

జయంతికి మాటలు సరిగ్గా రాకముందే నూకయ్య తాత కథ వచ్చేసిందని వాళ్ళమ్మ నవ్వుతూ అంటుండేది. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. కాకినాడలో వాళ్ళింటికి ఎవరు కొత్తగా వచ్చినా, కాఫీలు చల్లారేలోపే నాన్న పద్మనాభం ఆ కథ అందుకునేవాడు. ఆయన హైస్కూల్లో హెడ్మాస్టరు. గొంతు బాగుండేది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వినేవాళ్ళ కళ్ళలోకి చూడాలో తెలిసిన మనిషి.

కోరంగి రేవులో ఓడలు కట్టే రోజుల్లో నూకయ్య అనే వడ్రంగి ఉండేవాడు. పద్మనాభం ముత్తాతకు తండ్రి. పద్దెనిమిది వందల ముప్ఫై తొమ్మిదిలో ఉప్పెన వచ్చి కోరంగిని ఊడ్చేసినప్పుడు ఆయన సగం కట్టిన ఓడలోకి ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించాడు. తాను బయటే నిలబడి, మోకు చేతికి చుట్టుకుని, ఆ మోకుతో సహా సముద్రంలో కలిసిపోయాడు. భార్య అచ్చమ్మకి ఇరవై నిండలేదు. చంకలో చంటిపిల్లాడు.

"మనవాళ్ళలో మారుమనువు తప్పు కాదు," అనేవాడు పద్మనాభం కథ ఇక్కడికొచ్చాక, గొంతు తగ్గించి. "అడిగినవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ తల్లి ఇంకో గడప తొక్కలేదు. ఆ పిల్లాణ్ణి పెంచి మనిషిని చేసింది. ఇవాళ మనం ఉన్నామంటే ఆ తల్లి నిలబడిన నిలబాటు వల్ల."

విన్నవాళ్ళు చేతులు జోడించేవాళ్ళు. చిన్నారి జయంతి వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునేది, అచ్చమ్మ తానే అయినట్టు.

తేజేశ్వర్‌తో పెళ్ళయి అమెరికా వచ్చేనాటికి జయంతికి ఇరవై మూడు. షికాగో శివార్లలో నేపర్‌విల్‌లో అపార్ట్‌మెంట్. అతను పొద్దున్నే ట్రైన్‌లో సిటీకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. అంకిత పుట్టింది. తర్వాత అతనికి శాంటా క్లారాలో ప్రాజెక్టు వచ్చింది. మొదట్లో రెండు వారాలకోసారి వచ్చేవాడు, తర్వాత పండగలకి, తర్వాత అంకిత పుట్టినరోజుకి. చివరికి లాయర్ కాగితాలు వచ్చాయి. అక్కడ ఇంకో అమ్మాయి ఉందని అతను దాచలేదు. అడిగితే చెప్పాడు.

జయంతి ఏడుస్తూ కూర్చోలేదు. కోర్సు చేసి ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగంలో చేరింది. పిల్లని డేకేర్‌లో దింపి, షిఫ్ట్‌కి వెళ్ళి, తెచ్చుకుని, అన్నం పెట్టి, నిద్రపుచ్చి, అలా నెట్టుకొచ్చింది. ఆ రోజుల్లోనే హర్షవర్ధన్ పరిచయమయ్యాడు. షామ్‌బర్గ్‌లో ఫార్మసిస్ట్. భార్య జబ్బు చేసి పోయింది. అతని కూతురు తన్వి, అంకిత ఒకే డాన్స్ క్లాసుకి వెళ్ళేవాళ్ళు. క్లాసు అయ్యేదాకా తల్లిదండ్రులు కార్లలో కూర్చునేవాళ్ళు. వీళ్ళిద్దరూ బయట నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి అంకిత అతని భుజం మీద నిద్రపోతే, కార్‌సీట్‌లోకి మార్చడానికి మనసొప్పక అతను చాలాసేపు అలాగే ఎత్తుకుని ఉండిపోయాడు.

ఆ వసంతంలో అతను అడిగాడు. పెద్ద మాటలేమీ లేవు.

"పిల్లలిద్దరూ ఎలాగూ అక్కాచెల్లెళ్ళలాగే అయిపోయారు. మనం కూడా ఆలోచించుకుంటే బాగుంటుందేమో జయంతిగారూ. తొందరేం లేదు."

ఆమెకి ఒళ్ళంతా వెచ్చబడింది. సరే అనడానికి నోటిదాకా వచ్చింది. ఇంటికి చెప్పి చెబుతానంది.

ఫోన్‌లో నాన్న అంతా విన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమె ఎదురు తిరిగేదేమో. ఆయన మెల్లగా అచ్చమ్మ కథ మొత్తం మళ్ళీ చెప్పాడు, ఎన్నడూ వినని మనిషికి చెబుతున్నట్టు. ఇంటర్నేషనల్ కాల్, నిమిషాలు నడుస్తున్నాయి, అయినా ఆమె అడ్డు చెప్పలేదు. చివర ఒక్క మాట కలిపాడు. "నీ ఇష్టం అమ్మా. నువ్వు చదువుకున్నదానివి. పాపం, ఆ తల్లికి చదువు లేదు."

మర్నాడు జయంతి హర్షవర్ధన్‌కి కుదరదని చెప్పింది. అతను ఏడాది పైనే ఎదురుచూశాడు. ఆ తర్వాత వేరే సంబంధం చేసుకుని డాలస్ వెళ్ళిపోయాడు. తన్వి వెళ్ళిపోయిందని అంకిత చాలా రోజులు బెంగ పెట్టుకుంది. జయంతి బాధపడింది గానీ, ఆ బాధలో గర్వం కూడా ఉండేది. రాత్రుళ్ళు పక్కన ఎవరూ లేని మంచం మీద పడుకుని, నేను అచ్చమ్మ వంశం దాన్ని అనుకునేది. ఆ మాట చాలా ఏళ్ళు ఆమెని మోసింది.

అమ్మ పోయాక నాన్నని తన దగ్గరికి తెచ్చుకుంది. తమ్ముడు రామమోహన్ షామ్‌బర్గ్‌లోనే ఉన్నా, వాళ్ళింట్లో మెట్లు ఎక్కువని జయంతే ముందుకొచ్చింది. అప్పటికి సొంత టౌన్‌హోమ్ కొనుక్కుంది. కింది గది ఆయనకిచ్చింది. శనివారాలు నది పక్కన నడిపించుకొచ్చేది. తెలుగువాళ్ళ పాట్‌లక్‌లకి తీసుకెళితే ఆయన అక్కడి పిల్లలకీ ఆ కథే చెప్పేవాడు. వాళ్ళు "వావ్ తాతా" అనేవాళ్ళు.

అంకితకి ముప్ఫై దాటాయి. సిటీలో ఉద్యోగం, సిటీలోనే కాపురం. పోయిన థాంక్స్‌గివింగ్‌కి ఆమె రెండు డీఎన్ఏ కిట్లు తెచ్చింది. గొట్టంలో ఉమ్మి పంపితే మన చుట్టాలు ప్రపంచంలో ఎక్కడున్నారో చెబుతారు.

"ఒకటి నీకు, ఒకటి తాతయ్యకి," అంది.

పద్మనాభం గొట్టం కేసి చూసి మొహం తిప్పుకున్నాడు. "నా ఉమ్ముతో వాళ్ళకేం పని? నాకొద్దు."

"తాతయ్యా, ఇట్స్ ఫన్. నూకయ్య తాత ఫ్యామిలీలో ఇంకెవరున్నారో తెలుస్తుంది."

"వద్దన్నానా?" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ముసలితనం చాదస్తం అనుకున్నారు తల్లీకూతుళ్ళు. జయంతి తన గొట్టం పంపింది.

చలి ఇంకా తగ్గకముందే ఫలితం వచ్చింది. రాజమండ్రిలో ఒకరు, హైదరాబాద్‌లో ఇద్దరు, అందరూ తెలిసిన కజిన్లే. వాళ్ళ కింద తెల్ల జుట్టు మనిషి ఫొటో ఒకటి. హీథర్ కొరింజర్, టాస్మేనియా, ఆస్ట్రేలియా. దూరపు రక్తసంబంధం అని ఉంది. ఏదో పొరపాటనుకుని జయంతి మర్చిపోయింది. ఆ హీథరే మెసేజ్ పెట్టింది. మీవాళ్ళది కోరంగి అనే ఊరా అని అడిగింది.

ఒక శనివారం సాయంత్రం అంకిత లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి వీడియో కాల్ కలిపింది. అవతల అప్పుడు ఆదివారం పొద్దున. హీథర్‌కి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. రిటైరైన నర్సు. తన ఇంటిపేరు కోరంగి లోంచే వచ్చిందనే మాటతో మొదలుపెట్టింది.

పాత ఖైదీల రికార్డుల్లోంచీ, ఇంట్లో పెద్దవాళ్ళ నోటి నుంచీ తెలుసుకుని ఆమె చెప్పింది ఇది. నూకయ్య ఉప్పెనలో పోలేదు. ఉప్పెనకి ముందే చెరకు తోటల కూలీగా మారిషస్ ఓడ ఎక్కేశాడు. అక్కడ తోట దొర ఇంట్లో వెండి సామాను దొంగిలించి దొరికిపోయాడు. శిక్ష వేసి ఖైదీల ఓడలో టాస్మేనియా దీవికి పంపారు. పేరు పలకడం రాక గుమాస్తా ఎవరో జాన్ కొరింగా అని రాశాడు, అదే పోను పోను కొరింజర్ అయింది. సంకెళ్ళతో రాళ్ళు కొట్టాడు, వంతెనలు కట్టాడు. వడ్రం పని తెలిసినవాడు కాబట్టి తొందరగా విడుదలయ్యాడు. కాస్త నేల సంపాదించి, బ్రిజెట్ అనే ఐరిష్ ఖైదీ పిల్లని పెళ్ళాడాడు. పెళ్ళినాడు పాదిరి అడిగితే, నా భార్యా కొడుకూ కోరంగి ఉప్పెనలో పోయారని చెప్పాడు. ఎనిమిది మంది పిల్లలు. ముసలివాడై తన మంచంలో తాను పోయాడు.

"పాపం, నిజంగానే పోయారని నమ్మాడేమో," అంది జయంతి. 

మొదట్లో నమ్మి ఉంటాడు, అంది హీథర్. కానీ తర్వాత ఒక ఓడలో కోరంగి కళాసీ ఒకడు వచ్చి, వాళ్ళు బతికే ఉన్నారని చెప్పాడట. నూకయ్య ఆ వారమంతా సరిగ్గా తిండి తినలేదట. తర్వాత పుట్టిన ఆడపిల్లకి అచీ అని పేరు పెట్టాడు. హీథర్ వాళ్ళ కుటుంబంలో అదొక అందమైన కథ. ఆమె చెబుతూ కళ్ళు తుడుచుకుంది. జయంతికి మాత్రం అందంగా కనిపించలేదు. తెలిసీ అక్కడే ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళ పిల్ల కోరంగిలో ఆయన కోసం బతుకంతా తగలబెట్టుకుంది.

కాల్ ముగించబోతుంటే హీథర్, మీవాళ్ళు దొరకడం మాకు ఆశ్చర్యంగా ఉంది అంది. వాళ్ళ అన్న కోలిన్, ఇప్పుడు లేడు, తొంభై ఎనిమిది జనవరిలో కోరంగి వెళ్ళి వెతికాడట. ఓడ వడ్రంగుల సంగతి అడిగితే, అక్కడివాళ్ళు కాకినాడలో ఒక హెడ్మాస్టరు దగ్గరికి పంపారు. చాలా మర్యాదస్తుడట. తెలిసినదంతా కోలిన్ ఆయనకి చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, ఆ వంశం ఉప్పెనతోనే అంతరించింది, వెనక్కి వెళ్ళండి అన్నాడు. ఆయనకి కుడి చేతి బొటనవేలు సగం లేదట. ఆ చేత్తోనే తమాషాగా టీ కప్పు అందించాడని కోలిన్ నవ్వుతూ చెప్పేవాడు.

అంకిత తల్లి వైపు చూసింది. చిన్నప్పుడు తండ్రి వడ్రం కొట్లో ఆడుకుంటూ పద్మనాభం సగం బొటనవేలు పోగొట్టుకున్నాడు. పక్క గదిలో ఆయన చూస్తున్న టీవీ వాల్యూమ్ ఎప్పుడు తగ్గిందో తెలియదు.

తొంభై ఎనిమిది జనవరి. హర్షవర్ధన్ అడిగింది ఆ మరుసటి ఏడు.

మర్నాడు ఆదివారం పొద్దున్న పద్మనాభం ఇడ్లీ తిని కిటికీ దగ్గర ఎండలో కూర్చున్నాడు. జయంతి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"నాన్నగారూ, మన ఇంటికి ఆస్ట్రేలియా ఆయన ఒకరు వచ్చారట."

"నిన్న విన్నాను."

"వంశం మిగల్లేదని చెప్పారట."

"చెప్పాను." ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. "దొంగతనం చేసి సంకెళ్ళు వేయించుకున్నవాడు మా పూర్వీకుడని ఊళ్ళో చాటింపు వేసుకోమంటావా? రామానికి సంబంధం మాట్లాడుతున్న రోజులు."

"అది సరే. మరి నేను హర్షవర్ధన్‌గారి సంగతి అడిగినప్పుడు? అప్పటికి మీకు తెలుసు కదా. నూకయ్య తాత అక్కడ పెళ్ళాం పిల్లలతో సుఖంగా ఉన్నాడని తెలిసే కదా, అచ్చమ్మలాగా కూర్చోమన్నారు నన్ను?"

"నేను కూర్చోమనలేదు. నీ ఇష్టం అన్నాను."

అది నిజమే. నిజం కాబట్టే ఆమెకి ఊపిరాడలేదు. ఏడుపు వచ్చింది, కానీ తన కోసం కాదు, అచ్చమ్మ కోసం.

"పిచ్చిది. లోకం తెలియని పిల్ల. ఎవడి కోసం కూర్చుంటోందో తెలియకుండా జీవితమంతా..."

పద్మనాభం విసుక్కున్నాడు. "దాని కోసం ఏడవకు. అది కూర్చోలేదు."

ఎప్పుడూ 'ఆ తల్లి' అనే నోటి వెంట 'అది' అనే మాట రావడం జయంతి మొదటిసారి వింది.

"అంటే ఏవిటి?"

"యానాం పోలయ్యని కట్టుకుంది. ఉప్పెన అయిన రెండు మూడేళ్ళకి. పిల్లాణ్ణి తీసుకునే వెళ్ళింది. అతనూ పడవలు కట్టేవాడే. యానాం వాళ్ళు ఎవరనుకున్నావ్? ఆ కాపురం తాలూకు వాళ్ళే."

యానాం వాళ్ళు జయంతికి తెలుసు. పెళ్ళిళ్ళకి వచ్చేవాళ్ళు. గట్టిగా మాట్లాడేవాళ్ళు, గట్టిగా నవ్వేవాళ్ళు. ఎండు రొయ్యలు తెచ్చేవాళ్ళు. నాన్న వాళ్ళని వెనక వరసలో కూర్చోబెట్టి, ఎవరైనా అడిగితే పాత పరిచయం అనేవాడు.

"మరి ఈ కథ?"

"మా నాన్న మొదలుపెట్టాడు. నేను నగిషీ చెక్కాను." ఆయన సగం బొటనవేలితో కుర్చీ చెయ్యి గీరుతూ మాట్లాడాడు. "వడ్రంగి బాడితె వదిలి బడిపంతులు బెత్తం పట్టుకున్నాం. పెద్ద పెద్దవాళ్ళ మధ్య ఇల్లు కట్టుకున్నాం. నలుగురూ వచ్చి కూర్చుంటే చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా. రెండో మొగుణ్ణి కట్టుకుందని చెప్పుకుంటామా?"

"నాకు మాత్రం నిజం చెప్పొచ్చు కదా. నేను నలుగురిలో ఒకదాన్నా?"

ఆయన కప్పు చేతిలోకి తీసుకుని, ఖాళీదని చూసి మళ్ళీ పెట్టేశాడు.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"రామానికి?"

"వాడికీ తెలుసు. పెళ్ళప్పుడు యానాం వాళ్ళని పిలవాలా వద్దా అని మాటొచ్చినప్పుడు చెప్పాను."

అమ్మకి తెలుసన్న మాట దగ్గర జయంతి లేచి నిలబడింది. హర్షవర్ధన్ సంగతి చెప్పిన రోజు ఫోన్ పెట్టేసే ముందు నాన్న రిసీవర్ అమ్మకి ఇచ్చాడు. అమ్మ పొడిగా, "జాగ్రత్త తల్లీ, పిల్ల జాగ్రత్త," అని పెట్టేసింది. ఇన్నేళ్ళూ అది దుఃఖం అనుకుంది తను.

తమ్ముడికి ఫోన్ చేసింది. రామమోహన్ ఎవరి బర్త్‌డే పార్టీలోనో ఉన్నాడు, వెనక పిల్లల గోల.

"అక్కా, ఇప్పుడదంతా ఎందుకు? ఎప్పటి సంగతో. నాన్నగారు ఏదో గొప్ప కోసం చెప్పేవారు. అందరికీ తెలుసు. నువ్వంత సీరియస్‌గా తీసుకుంటావని ఎవరనుకున్నారు?"

జయంతి ఫోన్ కట్ చేసింది. ఆ మాట నాన్న చెప్పిన దానికంటే లోతుగా దిగింది. తను పాతికేళ్ళ పైచిలుకు నిలబడిన నేల, ఇంట్లో మిగిలిన వాళ్ళకి ఊసుపోక చెప్పుకునే కబురు.

ఆ వారంలోనే ఆయన బట్టలు సర్దింది. మందులు వేళల ప్రకారం డబ్బాల్లో పెట్టింది. వినికిడి యంత్రం బ్యాటరీలు విడిగా మూటగట్టింది.

"నన్ను పంపేస్తున్నావా?" అన్నాడు పద్మనాభం మంచం మీద కూర్చుని.

"కొన్నాళ్ళు మీ మొహం చూడకుండా ఉండాలి నాన్నగారూ. లేకపోతే అనకూడని మాటలు అంటాను."

అంకిత వచ్చింది. తాతయ్య సూట్‌కేస్ చూసి తల్లిని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "అమ్మా, హి ఈజ్ ఎయిటీ సెవెన్."

"తెలుసు. నాకు యాభై ఏడు."

 "హర్షా అంకుల్ మంచోడు కదా?" అంది అంకిత.

"మంచివాడే."

"నాకు గుర్తుంది. కొంచెం." అని తల్లి భుజం మీద తల పెట్టింది. ఇద్దరూ అలాగే సింక్ దగ్గర నిలబడ్డారు. తర్వాత అంకితే తాతయ్యని షామ్‌బర్గ్‌కి డ్రైవ్ చేసింది. మెట్లు ఎక్కువని రామమోహన్ గొణిగాడు, కానీ కింద ఆఫీస్ గది ఖాళీ చేయించాడు.

జయంతి హీథర్‌కి మళ్ళీ కాల్ చేసి అచ్చమ్మ సంగతి చెప్పింది. హీథర్ మొదట నోరు తెరిచింది, తర్వాత పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఇండియాలో ఒకావిడకి అన్యాయం చేసి పుట్టాం అనే బరువు మా ఇంట్లో ఆడవాళ్ళందరూ మోశారు, మా నానమ్మ క్రిస్మస్ ప్రార్థనలో ఆవిణ్ణి తలచుకునేది, అంది. ఆవిడ హాయిగా ఉందంటే ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేనంది. జయంతి కూడా నవ్వాలని చూసింది. నవ్వు రాలేదు. ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఆవిడ యానాంలో కట్టుకుంది. ఇద్దరూ ఎవరి బతుకు వాళ్ళు బతికారు. వాళ్ళ పేరు చెప్పుకుని కూర్చున్నది తనొక్కతే.

యానాం వాళ్ళ అబ్బాయి ఫణి శాంటా క్లారాలో పని చేస్తున్నాడని ఎప్పుడో వింది. నంబర్ సంపాదించడానికి రెండు వాట్సాప్ గ్రూపులు తిరగాల్సి వచ్చింది. అతను ఫోన్ ఎత్తి, ఆమె ఎవరో రెండోసారి చెప్పించుకున్నాడు.

"మీరు మాకు ఫోన్ చేస్తారని అనుకోలేదు అక్కా," అన్నాడు.

"అచ్చమ్మ గురించి మీ ఇంట్లో ఏం చెప్పుకుంటారు?"

"ఆవిడ గురించా? చానా చెప్తారు. పోలయ్య తాత పడవ కడితే, ఆవిడ వచ్చి సుత్తితో నాలుగు చోట్ల కొట్టి చూసి, సరే అంటేనే నీళ్ళలోకి దింపేవాడంట. పెద్ద నోరంట. నవ్వితే అవతలి ఒడ్డుకి వినపడేదంట. ఫైవ్ కిడ్స్, మీ తాతతో కలిపి." గొంతు తగ్గించాడు. "మీవాళ్ళు ఆవిణ్ణి ముండమోయించి కూర్చోబెట్టారని మా నానమ్మ తిట్టుకునేది. సారీ అక్కా, అట్లాగే అనేది."

"సారీ ఎందుకు. సరిగ్గానే అనేది."

ఇంకా చెప్పమంది. అతను చాలాసేపు చెప్పాడు.

నెల పైన గడిచాక జయంతి ఒక ఆదివారం షామ్‌బర్గ్ వెళ్ళింది. నాన్న చిక్కాడు. గడ్డం సరిగ్గా గీయలేదు ఎవరూ. ఆమె వేడి నీళ్ళు తెచ్చి, తువ్వాలు కప్పి, నెమ్మదిగా గీసింది. ఆయన కళ్ళు మూసుకుని చుబుకం పైకెత్తి కూర్చున్నాడు. క్షమించమని అడుగుతాడేమోనని ఆమె మధ్యలో రెండు సార్లు చెయ్యి ఆపింది. ఆయన కోడలు చేసే సాంబారులో ఉప్పు ఎక్కువ అన్నాడు.

"ఫణితో మాట్లాడాను. యానాం వాళ్ళ ఫణి," అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. "వాళ్ళతో మనకెందుకు ఇప్పుడు?"

జయంతి తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టింది. నీళ్ళు పారబోసి, బ్లేడు కడిగి, కార్ కీస్ తీసుకుంది. ఆ పై ఆదివారం ఆమె వెళ్ళలేదు. దాని తర్వాతి ఆదివారం వెళ్ళింది.